మూడో తూము కింద మిగిలిన కొలత

మూడో తూము దగ్గర పొద్దుగూకాక ఎవరూ "జరుగోయ్" అని కేకెయ్యరు. పగలు వేస్తారు, అదీ గొంతు తగ్గించి. మా రిన్కోన్ సెకో ఊళ్ళో ఈ సంగతి పాలుతాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. తప్పతాగి తూలేవాడికి కూడా అక్కడికొచ్చేసరికి నోరు మూతబడుతుంది.

నమ్మకపోతే నమ్మకండి, నేనేం మిమ్మల్ని బతిమాలడం లేదు. నా పేరు ఎర్మీనియా. డెబ్బై రెండేళ్ళొచ్చాయి. పదిహేనేళ్ళుగా ఈ కాలవ నీళ్ళు పంచే నీరుగంటిని నేనే. ఇప్పుడు చెప్పబోయేది సగం మా నాన్న చెప్పాడు, సగం డెల్ఫీనా అత్త చెప్పింది. ఇద్దరూ వేరువేరుగా, వేరువేరు ఏళ్ళలో చెప్పారు. కలిసేచోట ఒక్క ముక్క తేడా రాలేదు. అబద్ధమే అయితే ఎక్కడో ఒకచోట అతుకు కనపడాలి కదా!

ముందు ఆ కేక సంగతి చెప్పాలి.

కొండమీద మంచు కరిగి నీళ్ళొచ్చే ముందు మేం రెండురోజులు కాలవ పూడిక తీస్తాం. నీటివాటా ఉన్న ప్రతి ఇంటినుంచీ ఒక మనిషి పార పట్టుకుని రావాలి. ఆ రోజుల్లో మగమనిషే రావాలి. నీరుగంటి పుస్తకం తీసి పేర్లు పిలుస్తాడు. పేరున్నవాడు "ఉన్నా!" అని పారతో నేలమీద ఒక పోటు వెయ్యాలి. తర్వాత నీరుగంటి కాలవలోకి దిగి, కర్రతో కొలిచి, మడమతో గీతలు గీస్తాడు. గీతకీ గీతకీ మధ్య ఉన్నది ఒక కొలత. ఒక మనిషికి ఒక కొలత. అందరిదీ తవ్వడం అయిందంటే ముందున్నవాడు "జరుగోయ్!" అంటాడు, వరసంతా ముందుకి జరుగుతుంది. మళ్ళీ గీతలు, మళ్ళీ తవ్వకం.

రెండొందల ఏళ్ళుగా ఇంతే. ఆ కేక చెవినబడితే మా కాళ్ళు మమ్మల్ని అడక్కుండానే కదుల్తాయి.

మరి రానివాళ్ళో? వాళ్ళ వంతు కింద రెండు కొలతలు మూడో తూము కింద వదిలేసేవాళ్ళు. అక్కడ గట్టు రెండు నిలువులెత్తు ఉంటుంది... ఉత్త ఇసక మట్టి. కావాలనే అక్కడ పెట్టేవాళ్ళు, మళ్ళీ ఏడు ఎగ్గొట్టకుండా బుద్ధి రావాలని.

కసిమీరో లుహాన్ అని ఒకడుండేవాడు. ఆ గట్టుమీద కప్పుకూలిన మట్టిల్లు ఉందే, అది వాళ్ళదే. తల్లీ తనూ, అంతే. పూడికతీత మొదలైన రోజే తల్లి పోయింది. ఆమెని పాతిపెట్టి, పార భుజానేసుకుని వచ్చేసరికి రెండోరోజు పొద్దువాలింది. నీళ్ళు వదిలేది మర్నాడు పొద్దున.

అప్పుడు నీరుగంటి మా తాత. సొంత తాతని తిట్టకూడదు గానీ... తిట్టాల్సిందే. తల్లిని పాతిపెట్టిన మట్టి ఇంకా గోళ్ళల్లోనే ఉన్నవాడితో మా తాత అన్నమాట ఇదీ:

"పొద్దు పొడిచేలోగా నీ కొలతలు తేలాలి. తేలకపోతే నీ తూముకి తాళం."

కసిమీరో ఒక్కడే, రాత్రిపూట, మూడో తూము కింద దిగాడు. మొదటి కొలత తవ్వేశాడు. రెండోది సగంలో ఉండగా గట్టు విరిగి మీదపడింది. పొద్దున జనం వెళ్ళేసరికి ఇసకలోంచి పార కర్ర ఒక్కటే పైకి కనపడుతోంది.

మరుసటి ఏడు, పోయినవాళ్ళకి చేసే ఆచారం ప్రకారం అతని పేరు మూడుసార్లు పిలిచారు. జవాబు చెప్పడానికి ఇంట్లో ఎవరున్నారని? మూడోసారి కూడా జవాబు రాకపోతే పేరు కొట్టేస్తారు, కొట్టేశారు. కానీ మూడోసారి పిలిచినప్పుడు ఎగువనుంచి... మూడో తూము వైపునుంచి... పార చప్పుడొకటి వినిపించిందంటారు. మా తాత మాత్రం గాలి అన్నాడు.

ఆ తర్వాత ఆ సగం కొలతని ఎవరూ తవ్వలేదు. అక్కడిదాకా రావడం, ఒక్క పారెడు మట్టి తీసి గట్టున వెయ్యడం, అతని కోసం గట్టున నాటిన సిలువ దగ్గర ఒక రాయి పెట్టి దాటిపోవడం. రాత్రిళ్ళు నీళ్ళు పెట్టుకోడానికి వెళ్ళినవాళ్ళు చప్పుడు విన్నామని వచ్చి చెప్పేవాళ్ళు. సర్ర్... ధబ్. సర్ర్... ధబ్. అది విన్నా ఫరవాలేదు, తలొంచుకుని వచ్చెయ్యొచ్చు. కానీ చీకట్లో అక్కడ "జరుగోయ్" అన్నావో, అతను జరుగుతాడు... మన వైపుకి.

ఇరవై తొమ్మిదేళ్ళు అలా గడిచాయి. మా తాత పోయాక పుస్తకం మా నాన్న తెయోఫిలో చేతికొచ్చింది. అప్పటికి నాకు రెండేళ్ళు.

డెల్ఫీనా అత్త మాకు చుట్టమేం కాదు. మా నాన్నని అన్నా అని పిలిచేది, అందుకని అత్త. అప్పటికి ఇరవై ఏడేళ్ళ పిల్ల. మొగుడు అడెలైదో కొరియా యుద్ధానికెళ్ళి, మడతపెట్టిన జెండాగా, ఒక జత బూట్లుగా తిరిగొచ్చాడు. ఇంట్లో కళ్ళు కనపడని అత్తగారు లిబ్రాదా. ఇద్దరికీ కలిపి ఒక మిరపచేను, నాలుగు సాళ్ళు మొక్కజొన్న. అప్పటికి రెండేళ్ళుగా కొండమీద మంచు సరిగ్గా పడలేదు. ఆ ఏడు తూముకి తాళం పడితే చేను ఎండుతుంది, చేను ఎండితే ఇద్దరాడాళ్ళూ మూటాముల్లే సర్దుకుని ఊరొదిలి పోవాల్సిందే. గుడ్డి ముసలమ్మని పట్టుకుని ఎక్కడికని పోతుంది పాపం!

పూడికకి వస్తానని ఆమె పినతండ్రి కొడుకు పోర్ఫీరియో మాటిచ్చాడు. మాటిచ్చి, ముందురోజు రాత్రి కొలరాడో పోయే లారీ ఎక్కేశాడు వెధవ. ఆ సంగతి రెండోరోజు మధ్యాహ్నానికి గానీ ఆమెకి తెలీలేదు.

పరుగున కాలవ దగ్గరికొచ్చింది. ఆమె రెండు కొలతలూ మూడో తూము కింద ఎదురుచూస్తున్నాయి.

"నేను తవ్వుతానన్నా," అంది మా నాన్నతో.

జనం గొల్లున నవ్వారు. నెస్తోర్ అని ఒక వాగుడుకాయ ఉండేవాడు. "ఆడది కాలవలో దిగితే నీళ్ళు కొండెక్కి కూచుంటాయమ్మోయ్! ఇంటికెళ్ళి జావ కాచుకో," అన్నాడు.

"మనిషిని పంపు," అన్నాడు మా నాన్న.

"ఎవర్ని పంపను? సమాధిలోంచి నీ స్నేహితుణ్ణి లేపుకు రానా?"

నవ్వులు ఆగిపోయాయి. అడెలైదో, మా నాన్నా ఒకే గొర్రెల మందలో పెరిగినవాళ్ళు. అందరూ మా నాన్న మొహం చూస్తున్నారు. మెత్తబడ్డాడంటే రేపట్నించి ప్రతివాడూ ఒక ఏడుపు పట్టుకొస్తాడు. నీరుగంటికి చుట్టం లేడు, స్నేహితుడూ లేడు.

"పొద్దు పొడిచేలోగా నీ కొలతలు తేలాలి," అన్నాడు. "తేలకపోతే నీ తూముకి తాళం."

అన్నాక తెలిసింది ఆయనకి, ఏమన్నాడో.

ఆ రాత్రి మా అమ్మ కంచంలో చిక్కుడు గింజలు వడ్డించి, బల్లమీద ఠక్కున పెట్టి అటు తిరిగి కూచుందిట. "ఏంటే?" అన్నాడు మా నాన్న.

"ఏం లేదు. మీ నాన్న ఇంకా బతికే ఉన్నాడని తెలిసింది. తిను, చల్లారిపోతుంది," అంది.

తినలేదాయన. మంచమెక్కి కప్పుకేసి చూస్తూ పడుకున్నాడు.

అక్కడ డెల్ఫీనా అత్త మొగుడి బూట్లల్లో గుడ్డపేలికలు కుక్కి తొడుక్కుంది. అతని సైన్యం కోటు వేసుకుని, టోపీ కిందికి లాక్కుంది. పార తీస్తుంటే గడప దగ్గర చప్పుడైంది.

"వెళ్తున్నావా?" అంది ముసలమ్మ చీకట్లోంచి.

"పడుకో అత్తా."

"పగలూ రాత్రీ నాకొకటేలే. పిల్లా... అక్కడ నోరు తెరవకు. ఏం విన్నా సరే. ముఖ్యంగా ఆ మాట."

"తెలుసత్తా."

"తెలుసని అందరూ అంటారు. అలవాటే కొంప ముంచేది," అంది లిబ్రాదా, జపమాల కోసం తడుముకుంటూ.

సగం చందమామ ఉంది. దీపం వెలిగించలేదు, ఎవరైనా చూస్తే ఆడది దిగిందని తగూ పెడతారని. అలామో చెట్లకి ఇంకా ఆకు రాలేదు. దూరంగా కొయోటు నక్కలు కూస్తున్నాయి... మూడో తూము దగ్గరికి వచ్చేసరికి అవీ ఆగాయి.

కాలవలోకి దిగింది. పైన సిలువ, రాళ్ళకుప్ప, కప్పులేని ఇల్లు. వాటివైపు చూడకుండా దిగువ కొలత మొదలెట్టింది. బూట్లు పెద్దవి కదా, పారమీద కాలు సరిగ్గా ఆనేది కాదు. ఒక్క పోటుకి దిగదు. రెండు చిన్న పోట్లు పొడిచి, అప్పుడు ఎత్తేది. టక్-టక్... సర్ర్. టక్-టక్... సర్ర్. కాళ్ళు ఆడినన్నాళ్ళూ అలాగే తవ్వింది, చూశాను నేను.

ఎంతసేపు తవ్విందో తెలీదు. చేతులు పుళ్ళు పడ్డాయి. నడుం విరిగిపోయింది. కానీ కొలత తేలింది! గీతనుంచి గీతదాకా నున్నగా, అడుగు గట్టి తగిలేదాకా. ఆ సంతోషంలో నడుం నిలబెట్టి, చిన్నప్పట్నించీ వేల సార్లు విన్నమాట... ఆమెకి తెలీకుండానే నోట్లోంచి వచ్చేసింది.

"జరుగోయ్..."

గుసగుసే. అయినా వచ్చింది.

చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక నిమిషం... రెండు నిమిషాలు... ఏమీ లేదు. హమ్మయ్య అనుకుంది. మళ్ళీ పార పట్టుకుంది.

సర్ర్... ధబ్.

ఎదురుగానే. రెండో కొలత చివర్న. చందమామ మబ్బుచాటుకెళ్ళింది. చీకట్లో చీకటిగా ఒక ఆకారం... వీపు ఇటువైపు పెట్టి... వంగి తవ్వుతోంది.

పరిగెత్తాలి కదా? నేనైతే పరిగెత్తేదాన్ని. ఎందుకు పరిగెత్తలేదత్తా అని అడిగాను. "పరిగెత్తి ఎక్కడికెళ్ళను ఎర్మీనియా? పొద్దున తాళం వేస్తే చేను పోతుంది. దెయ్యమైనా సరే, నా కొలతే తవ్వుతోంది కదా, తవ్వనీ అనుకున్నాను," అంది. ఏడుస్తూనే తవ్వానని కూడా అంది.

తవ్వుతూ ఉంది. ఆ ఆకారమూ తవ్వుతూ ఉంది. ఇద్దరి మధ్యా మట్టి తగ్గుతూ వస్తోంది.

అప్పుడు ఇంకొకటి వినిపించింది.

ఆ ఆకారానికి అవతల. తూముకి సరిగ్గా కింద. ఎవరూ తవ్వని ఆ సగం కొలతలోంచి.

సర్ర్... ధబ్. సర్ర్... ధబ్.

తనది ఒకటి. ఎదుటిది ఒకటి. ఇది మూడోది. మూడు పారలు... లెక్క తప్పలేదు. ముందున్న ఆకారం ఒక్కసారి ఆగింది. తలెత్తి అటు చూసింది. మళ్ళీ వంగి, ఇందాకటికంటే గబగబా తవ్వడం మొదలెట్టింది.

డెల్ఫీనా అత్త తల ఎత్తలేదు. పైనుంచి ఇసక సన్నగా రాలుతోంది, టోపీమీద, భుజాలమీద. గాలి అనుకుంది. గాలేం లేదు.

"జరుగోయ్!"

మగగొంతు. మట్టి మింగినట్టున్న గొంతు. తూము కిందనుంచి వచ్చింది.

ఆలోచన లేదు, భయం లేదు, కాళ్ళు కదిలాయి. ఒక అడుగు... రెండు... మూడో అడుగు వేసిందో లేదో వెనక భూమి అదిరింది. గట్టు నిలువునా విరిగి పడింది, ఆమె అప్పటిదాకా నిలబడ్డ చోట. లేచిన దుమ్ములో ఏమీ కనపడలేదు.

"యేసూ, మరియా!" అని అరిచింది ఎదుటి ఆకారం.

ఆ గొంతు ఆమెకి తెలుసు.

"అన్నా?"

"డెల్ఫీనా? నువ్వా! పోర్ఫీరియో గాడనుకున్నానే... కోటూ టోపీ చూసి, వచ్చేశాడులే అనుకున్నా..."

"నువ్వెందుకొచ్చావు?"

"నిద్రపట్టలేదు," అన్నాడు మా నాన్న. "మా నాన్న ఆ మాట అని హాయిగా నిద్రపోయాడు. నాకు పట్టలేదు. ఎవరికీ తెలీకుండా రెండో కొలత తవ్వేసి పోదామనుకున్నా."

ఇద్దరూ గట్టు విరిగినచోటు చూశారు. గుర్రం నిలబడ్డా కూరుకుపోయేంత మట్టి.

"సమయానికి పిలిచావు," అంది ఆమె. "పిలవకపోతే నేను..."

"నేనెక్కడ పిలిచాను?" అన్నాడు మా నాన్న. "పిలిచింది నీతో వచ్చినవాడు కాదూ?"

"నాతో... ఎవరూ రాలేదన్నా."

అప్పుడు తెలిసింది ఇద్దరికీ, మూడో పార ఆగిపోయిందని.

మా నాన్న జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. మొదటి పుల్ల విరిగింది. రెండోది వెలిగింది. తూము కింద, ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎవరూ ముట్టని ఆ సగం కొలత... అడుగుదాకా తేలి ఉంది. పక్కలు పారతో చెక్కి నునుపు చేసి ఉన్నాయి. తీసిన మట్టి గట్టున ఇంకా తడిగా ఉంది. అడుగుజాడ ఒక్కటీ లేదు.

పుల్ల చెయ్యి కాల్చేదాకా పట్టుకున్నాడు.

ఇంకెవరైనా అయితే పారిపోయి చర్చి తలుపులు బాదేవాళ్ళు. వీళ్ళు పార పట్టారు. ఎందుకంటే గట్టు పడింది డెల్ఫీనా తవ్విన మొదటి కొలత మీద, తూర్పున చుక్క పొడిచింది, పొద్దు పొడిస్తే రూలు రూలే. ఇద్దరూ మాటాపలుకూ లేకుండా తవ్వారు. వెనక్కి ఒక్కసారీ చూడలేదని ఇద్దరూ చెప్పారు. అది నిజమని నేననుకోను.

జనం వచ్చేసరికి మొదటి కొలత మళ్ళీ తేలింది, రెండోదీ తేలింది. నీరుగంటి, విధవపిల్ల, ఇద్దరూ మెడదాకా మట్టి.

"ఏం నీరుగంటీ!" అన్నాడు నెస్తోర్ పళ్ళన్నీ బయటపెట్టి. "రాత్రంతా డెల్ఫీనాతో కాలవలో ఏం పూడిక తీశావేంటి?"

మా నాన్న పారతో తూము కింద చూపించాడు. చూశారు. టోపీలు ఒక్కొక్కటీ కిందికొచ్చాయి. అందరికంటే ముందు వచ్చింది నెస్తోర్ టోపీయే.

నీళ్ళు వదలబోయే ముందు పేర్లు మరోసారి పిలవాలి. మా నాన్న పుస్తకం తీశాడు. అన్నీ పిలిచాడు. డెల్ఫీనా పేరు దగ్గర ఆమె తనే "ఉన్నా!" అని పార పొడిచింది, ఒక్కడూ కాదనలేదు. పుస్తకం మూసినట్టే మూసి... మా నాన్న మళ్ళీ తెరిచాడు.

"కసిమీరో లుహాన్!"

ముందున్నవాళ్ళు సిలువ గుర్తు వేసుకున్నారు.

"కసిమీరో లుహాన్!"

మూడోసారి పిలిచేలోగా డెల్ఫీనా అత్త ముందుకొచ్చింది. పుళ్ళుపడ్డ చేతుల్తో పారెత్తి నేలమీద పొడిచింది.

"ఉన్నాడు!" అంది. "నేను చూశాను. పనిలో ఉన్నాడు."

మా నాన్న ఏడ్చాడు. అందరిముందూ ఏడ్చి, కొట్టేసిన పేరు పుస్తకంలో మళ్ళీ రాశాడు. నీళ్ళు వదిలారు. ఆ ఏడు మూడో తూము కింద ఎక్కడా ఆగకుండా పారాయి. డెల్ఫీనా అత్త మిరపకాయలు గోడంతా ఎర్రగా ఎండాయి.

అప్పట్నించీ డెబ్బై ఏళ్ళు ప్రతి పూడికకీ ఆ పేరు పిలుస్తాం. ప్రతి ఏడూ "ఉన్నాడు" అని అత్తే చెప్పేది. తొంభై దాటాక నడవలేక, లారీలో కూచుని, ఒళ్ళో పార పెట్టుకుని, కిటికీలోంచి బయటికి పెట్టి తలుపుమీద కొట్టేది. పిల్లల్లేరు. పుస్తకంలో కసిమీరో పేరుకీ తన పేరుకీ ఆమె తప్ప దిక్కులేదు.

మొన్న జనవరిలో పోయింది. తొంభై ఏడేళ్ళు. మంచం కింద ఆ బూట్లు అలాగే ఉన్నాయి.

ఈ మార్చిలో పేర్లు పిలిచింది నేనే. పిలిచేవాళ్ళు జవాబు చెప్పకూడదు, అది రూలు. నలుగురిని ముందే అడిగాను, ఎవరైనా చెప్పండ్రా, ఒక్క మాటేగా అని. చూద్దాంలే ఎర్మీనియా అన్నారు. తీరా వేళకి ఒక్కడూ నోరు విప్పడు, అందరూ తమ బూట్లకేసి చూసుకుంటున్నారు. సన్నాసులు!

"కసిమీరో లుహాన్!" అన్నాను. లేదు.

"కసిమీరో లుహాన్!" అన్నాను. పెన్ను పేరుమీదికి తెచ్చాను. మూడోసారి పలక్కపోతే కొట్టెయ్యాలి. ఆ తర్వాత పేరు అత్తది... అదీ కొట్టెయ్యాలి.

"కసిమీరో లుహాన్..."

సర్ర్... ధబ్.

ఎగువనుంచి. మూడో తూము వైపునుంచి. ఇరవై ఏడుమందిమీ విన్నాం, పట్టపగలు. గాలి అని ఎవరన్నా అంటారేమోనని చూశాను, ఎవరూ అన్లేదు.

దాని వెనకే, పక్కనే, ఇంకొకటి. చిన్నగా.

టక్-టక్... సర్ర్.

నా చేతిలో పుస్తకం జారిపోయింది. తీసుకుని, ఇద్దరి పేర్ల పక్కనా "ఉన్నారు" అని రాస్తున్నాను. ఇంకా రాయడం కాలేదు... పైనుంచి కేక వచ్చింది.

"జరుగోయ్!"

ఆడగొంతు. ఎవరి మొహం ఎవరం చూసుకోలేదు. ఇరవై ఏడుమందిమీ ఒక్క అడుగు ముందుకి వేశాం.